‘దింపేసి రా’ అంటున్నారు, మనసొప్పడం లేదు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అబ్బాయి పదో తరగతి. వాడి క్లాస్‌మేట్‌కి అమ్మానాన్న లేరు. రెండేళ్ల కిందట బాలల సంక్షేమ కమిటీ వాళ్లు ఫోస్టర్ కేర్ (కొంతకాలం వేరే కుటుంబంలో ఉంచి పెంచే ఏర్పాటు) కింద ఒక కుటుంబానికి అప్పగించారట. మొన్న రాత్రి స్కూల్ బ్యాగుతో మా గుమ్మంలో నిలబడ్డాడు. వీపు మీద బెల్టు దెబ్బలు. తిన్న కంచం వెంటనే కడిగేస్తున్నాడు, మంచినీళ్లకు ఫ్రిజ్ తియ్యాలన్నా అడుగుతున్నాడు. ‘అక్కడికి పంపితే రైలెక్కి పోతా ఆంటీ’ అంటున్నాడు. మావారేమో ‘పరాయి పిల్లాడు, కేసవుతుంది, దింపేసి రా’ అంటున్నారు.

జవాబు: మీ ఉత్తరం అందగానే ఫోన్లో మాట్లాడుకున్నాం కదమ్మా. ఇలాంటి చిక్కులో ఇంకెవరైనా ఉంటారని అవే మాటలు ఇక్కడ రాస్తున్నాను.

దింపేసి రావడం మాత్రం వద్దు. మళ్లీ అదే గడప తొక్కిస్తే ఈసారి మీ ఇంటికి రాడు, స్టేషన్‌కి పోతాడు. గుంటూరులో ప్యాసింజర్ ఎక్కితే విజయవాడ ఎంతసేపు? అక్కడి నుంచి చెన్నై, హౌరా, ఢిల్లీ, ఎటైనా బండి దొరుకుతుంది. ప్లాట్‌ఫాం మీద ఒంటరి పిల్లాణ్ని ముందు పలకరించేది మంచివాళ్లే అయ్యుండాలని లేదు.

అలాగని మీ ఇంట్లో దాచడమూ కుదరదు. మీవారి భయంలో కొంత నిజముంది. సంరక్షకుల నుంచి విడిపోయిన పిల్లలు కనిపిస్తే 24 గంటల్లోపు చెప్పాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం అంటోంది. చెప్పకపోతేనే తప్పు. చెప్పినవాళ్ల మీద కేసేముంటుంది? పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, డబ్బులేమీ పడవు. పోలీసులకైనా, జిల్లా బాలల సంక్షేమ కమిటీకైనా చెప్పొచ్చు. కమిటీ కూర్చోని రోజైతే ఒక్క సభ్యుడి ముందైనా పిల్లాణ్ని హాజరుపరచవచ్చు.

‘ఆ ఇంటికి పంపింది కమిటీయే కదా, మళ్లీ అక్కడికే పంపరా?’ అని అడిగారు. పిల్లాడి భయమూ అదే అయ్యుంటుంది. ఫోస్టర్ ఇల్లంటే దత్తత కాదు. నెలనెలా వెళ్లి చూడాల్సిన బాధ్యత కమిటీదే. సరిగా చూసుకోవడం లేదని తేలితే పిల్లాణ్ని అక్కడి నుంచి తీసి వేరే కుటుంబానికి మార్చాలి. మరి ఈ రెండేళ్లలో ఎవరైనా వెళ్లారా, వెళ్తే ఆ ఇంటివాళ్ల ముందే ‘బాగున్నావా బాబూ’ అని అడిగి వచ్చేశారా? కమిటీ ముందు ఈ మాట అడగండి, మొహమాటం వద్దు. అప్పగించిన పిల్లల్ని కొట్టి హింసించడం నేరం, మూడేళ్ల వరకు జైలు పడొచ్చు.

కమిటీ దగ్గరికి వెళ్లేముందు డాక్టరుకు చూపించి దెబ్బలు కాగితం మీద రాయించండి. దెబ్బల ఫొటోలు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. ఇలాంటి పిల్లల పేరు, ఫొటో బయటపెట్టకూడదు. ఏం జరిగిందో ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ వాడిచేత చెప్పించకండి.

ఇంకొక్కటి, నా దృష్టిలో ఇదే అసలైనది. ఫోన్ చేసేముందు వాడికి చెప్పండి. నిద్రపోతున్నప్పుడు వరండాలోకి వెళ్లి గుసగుసగా మాట్లాడకండి. ఇంట్లో మాటలకు చెవి రిక్కించి బతికిన పిల్లాడు, ఇట్టే పసిగడతాడు. ‘అక్కడికి పంపొద్దని గట్టిగా చెబుతాను, లోపలికి నీతో నేనూ వస్తాను’ అనండి. ‘మా ఇంట్లోనే ఉండిపో’ అని మాత్రం అనకండి, అది మీ చేతిలో లేదు. నిజంగానే కొన్నాళ్లు ఉంచుకునే ఉద్దేశముంటే, మీవారు కూడా సరేనంటే, ఆ మాట కమిటీతో చెప్పండి, వాళ్లు విచారించి నిర్ణయిస్తారు.

మీవారిని కూడా వెంట తీసుకెళ్లండి. పుస్తకాల బ్యాగు మర్చిపోవద్దు. పదో తరగతి కదా, ఎక్కడ ఉంచినా అదే స్కూల్లో చదివేలా చూడమని అడగండి.