బాబాయి ఫాదర్‌గారున్న ఊళ్లో పదో గ్రేడు: మొదటి ఏడాది కాదు, మూడేళ్ల లెక్క చూడండి

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ఫిరంగిపురం దగ్గర పల్లె. నేను ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని, జీతం నెలకు 82 వేలు. మావారికి మందుల దుకాణం ఉంది, ఏడాదికి 9 లక్షల ఆదాయం చూపి రిటర్ను వేస్తారు. కథోలిక చర్చిలో గురువైన మా మరిది ఫాదర్‌గారు 2022 నుంచి మతసేవకుల వీసాతో అమెరికాలోని ఒక విచారణలో (చర్చి పరిధిలో) సేవ చేస్తున్నారు. అక్కడి కథోలిక హైస్కూలు మా అమ్మాయిని 2026 ఆగస్టులో పదో గ్రేడులో చేర్చుకుంటామంది. ఫీజు 19,500 డాలర్లు, స్థానిక కుటుంబంతో ఉండడానికి 14,000, బీమా, పుస్తకాలు, యూనిఫాం వగైరాలకు 3,500 అవుతాయట. మాకు ఫిక్స్‌డ్ డిపాజిట్లు 28 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 11 లక్షలు, నరసరావుపేటలో 200 గజాల స్థలం ఉన్నాయి. వీసా కోసం ఇంకో 20 లక్షలు ఖాతాలో నెల రోజులు చూపించాలని, ఆ డబ్బు తామే సర్దుతామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు చివర రాసిన మాటతోనే మొదలుపెడతాను. ఆ 20 లక్షలు మీ ఖాతాలోకి రానివ్వకండి. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో, అద్దం అవతల ఉన్న అధికారి ముందు నిలబడేది మీ అమ్మాయి. పదిహేనేళ్ల పిల్ల. ఆరు నెలల స్టేట్‌మెంటులో నిన్నగాక మొన్న పడిన 20 లక్షలు చూసి ‘ఈ డబ్బు ఎక్కడిది?’ అని ఆయన అడిగితే ఆమె ఏమని చెప్పాలి? తప్పుడు వివరాలతో వీసా కోరినట్లు తేలితే జీవితాంతం అమెరికాకు అనర్హులను చేసే నిబంధన అక్కడి వలస చట్టంలో ఉంది. డబ్బు సర్దినవాళ్లు కమీషన్ తీసుకుని వెళ్లిపోతారు. మచ్చ పిల్ల పాస్‌పోర్టు వెంట వస్తుంది.

అసలు మీకు ఆ డబ్బు అవసరమే లేదు. ఎఫ్-1 (విద్యార్థి) వీసాకు మొదటి ఏడాది ఖర్చు మొత్తం చేతికందే డబ్బుగా చూపాలి, తర్వాతి ఏళ్లకు ఆదాయం ఉందని నమ్మకం కలిగించాలి. మీ మొదటి ఏడాది ఖర్చు 37,000 డాలర్లు, అంటే డాలరు 88 రూపాయల చొప్పున 32 లక్షల 56 వేలు. మీ సొంత డబ్బే 39 లక్షలుంది. చిక్కంతా రెండో ఏడాది నుంచి.

అమ్మాయిని చేర్చుకుంటున్నట్లు స్కూలు పంపే ఐ-20 పత్రం మొదటి పేజీలో కింది భాగం చూడండి. ఒక వైపు ఖర్చులు, మరో వైపు అవి ఎవరి డబ్బుతో తీరతాయన్నది ఉంటాయి. పైన ‘ఇన్ని నెలలకు’ అని ఒక అంకె ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండా దాటేస్తారు. అక్కడ 10 అని ఉంటే, వేసవిలో స్కూలు మూసినప్పటి ఖర్చు ఆ లెక్కలోకి రాలేదన్నమాట. అప్పుడు అమ్మాయి ఇంటికి రావాలి, లేదా ఆ కుటుంబానికి విడిగా డబ్బివ్వాలి. రానుపోను టికెట్టుకు ఏడాదికి లక్షన్నర పక్కన పెట్టండి.

ఇప్పుడు మూడేళ్లు కలుపుదాం. ఫీజు, బస ఏడాదికి 5 శాతం పెరుగుతాయని, రూపాయి 3 శాతం తగ్గుతుందని అనుకుంటే రెండో ఏడాది 35 లక్షలు, మూడో ఏడాది 38 లక్షలు దాటుతాయి. ప్రయాణాలతో కలిపి కోటీ 10 లక్షలు. మీ 39 లక్షలకు, ఇంటి ఖర్చులు పోను ఏడాదికి 6 లక్షలు మిగులుతాయనుకుని అది కూడా కలిపినా 57 లక్షలే. తక్కువ పడేది 53 లక్షలు.

స్థలం అమ్ముదామనుకుంటారు. మన దగ్గర అమ్మకం ఎలా జరుగుతుందో మీకు తెలుసు. బేరం 40 లక్షలకు కుదిరినా, దస్తావేజులో 20 రాస్తే బ్యాంకులో కనిపించేది, విదేశానికి పంపగలిగేది ఆ 20 లక్షలే. మిగతాది నోట్ల కట్టలుగా ఇంట్లో ఉంటుంది, అమ్మాయి ఫీజుకు పనికిరాదు. అమ్మే పక్షంలో పూర్తి ధర దస్తావేజులో రాసే కొనుగోలుదారునికే ఇవ్వండి.

అప్పు సంగతి అంతకంటే కష్టం. బ్యాంకుల విద్యారుణ పథకాలు సాధారణంగా పన్నెండో తరగతి దాటిన చదువులకే. రుణం వడ్డీపై పన్ను మినహాయింపు కూడా అంతే, స్కూలు చదువుకు వర్తించదు. పిల్లల ఫీజు మీద పన్ను మినహాయింపు మన దేశంలోని విద్యాసంస్థలకే. అంటే స్కూలు కోసం మీకు మిగిలేది వ్యక్తిగత రుణం లేదా ఆస్తి తనఖా. వడ్డీ ఎక్కువ, పన్ను ఊరట లేదు.

ఫాదర్‌గారి మీద మీకున్న నమ్మకాన్ని నేను తక్కువ చేయడం లేదు. మన మేత్రాసనాల (బిషప్‌ల పాలనలోని ప్రాంతాల) గురువులు ఎందరో అమెరికా విచారణల్లో సేవ చేస్తున్నారు, వారి మాట మీద అక్కడి స్కూళ్లకు గౌరవం ఉంటుంది. కానీ మతసేవకుల ఆర్-1 వీసాకు గరిష్ఠ గడువు ఐదేళ్లు. 2022లో వెళ్లినవారికి, గ్రీన్ కార్డు రాకపోతే, 2027తో ఆ గడువు తీరుతుంది. మీ అమ్మాయి చదువు 2029 దాకా ఉంది. ఈలోగా పీఠాధిపతి (బిషప్) ఆయన్ను వేరే ఊరి విచారణకు మార్చవచ్చు. పైగా గురువులకు అందే జీతం చిన్నది, దాన్ని చూపి ఆయన్ను స్పాన్సరుగా పెడితే వీసాకు ఒరిగేది తక్కువ. బాబాయి ఉన్నాడన్నది పిల్లకు ధైర్యం. దాన్ని లెక్కలో ఆదాయంగా రాసుకోకండి.

విచారణలో సభ్యులైన కుటుంబాల పిల్లలకు కథోలిక స్కూళ్లు ఫీజు తగ్గించడం మామూలే. విదేశీ విద్యార్థులకు అదే తగ్గింపు వస్తుందనుకోవద్దు. జ్ఞానస్నాన (బాప్తిస్మ) పత్రం ప్రవేశానికి తోడ్పడవచ్చు, ఫీజుకు కాదు. తగ్గింపు ఇస్తామని అంటే ఐ-20లో ‘స్కూలు ఇచ్చే నిధులు’ అన్న వరుసలో ఆ అంకె పడాలి. అది పడేదాకా తగ్గింపు లేదనే లెక్కించండి.

ఎవరైనా ‘సందర్శకుల వీసాతో తీసుకెళ్లి అక్కడి ప్రభుత్వ బడిలో ఉచితంగా వేయండి’ అంటే వినకండి. ఆ వీసాతో బడిలో చదువు సాగించకూడదు. ఎఫ్-1 మీద ప్రభుత్వ హైస్కూల్లో చదవాలన్నా 12 నెలలకే పరిమితి, పూర్తి ఖర్చు ముందే కట్టాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ మూడేళ్ల స్కూలు చదువుకు మీ ఆర్థిక స్థితి సరిపోదు. అమ్మాయిని ఇక్కడే ఇంటర్ పూర్తి చేయనివ్వండి. 39 లక్షలను కదపకుండా, ఏటా 6 లక్షలు కలుపుతూ పోతే, 6 శాతం రాబడితోనే 2029 వేసవికి 65 లక్షలు దాటుతుంది. అప్పుడు చికాగో లయోలా, సెయింట్ లూయిస్ యూనివర్సిటీ వంటి జెస్యూట్ (యేసుసభ గురువుల) విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేయవచ్చు. ఆ దశలో విద్యారుణం దొరుకుతుంది. పాత పన్ను విధానంలో ఉంటే వడ్డీకి ఎనిమిదేళ్ల వరకు పన్ను మినహాయింపు ఉంటుంది. రుణంతో పంపే డబ్బుకు టీసీఎస్ (విదేశానికి డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను) కూడా ఉండదు. ఇప్పుడే పంపితే, పన్నెండో గ్రేడు అయ్యేసరికి మీ చేతిలో ఏమీ మిగలదు, అసలైన ఖర్చు, అంటే కాలేజీ చదువు, అప్పుడే మొదలవుతుంది. ఎఫ్-1 విద్యార్థులకు అమెరికా ప్రభుత్వ విద్యా సాయం రాదు.

అయినా పంపాలనే నిర్ణయిస్తే మొదట ఆ స్కూలుకు ఎఫ్-1 విద్యార్థులను చేర్చుకునే ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో అమెరికా ప్రభుత్వ ‘స్టడీ ఇన్ ద స్టేట్స్’ వెబ్‌సైటులో చూడండి. తర్వాత డబ్బు పంపే తీరు. 2025-26లో ఒక వ్యక్తి ఏడాదికి 10 లక్షలు దాటి పంపితే, దాటిన మొత్తం మీద చదువుకు 5 శాతం టీసీఎస్ పడేది. ఆ రేటున మీ ఒక్క ఖాతా నుంచే 32 లక్షల 56 వేలు ఒకేసారి పంపితే లక్షా 12 వేల 800 ముందే కట్టాల్సి వచ్చేది. అదే మొత్తంలో సగం మార్చి 31లోపు, సగం ఏప్రిల్ 1 తర్వాత, మీ ఇద్దరి ఖాతాల నుంచి ఎవరి సొంత డబ్బు వారు పంపితే ఎవరికీ 10 లక్షలు దాటదు, టీసీఎస్ ఉండదు. కట్టినా అది రిటర్నులో సర్దుబాటవుతుంది, కానీ అన్నాళ్లు డబ్బు ఇరుక్కుంటుంది.

విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. రెండూ కలిపి 47 వేలు, వీసా రాకపోయినా తిరిగి రావు. స్కూలుకు ముందుగా కట్టే ఫీజు సంగతి మాత్రం స్కూలుని బట్టి ఉంటుంది. వీసా తిరస్కరిస్తే ఎంత తిరిగిస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో ఫాదర్‌గారి ద్వారా అడిగి, స్కూలు కార్యాలయం నుంచి ఈమెయిల్ తెప్పించుకోండి. ఆ జవాబు వచ్చేదాకా డబ్బు కట్టకండి.