కానుగ చెట్టు పాదులో బంతి మొక్కలు వాడిపోతుంటే

మీ వీధిలో కానుగ చెట్టు పాదులో నాటిన బంతి మొక్కలు రోజూ నీళ్లు పోస్తున్నా ఎందుకు వాడిపోతున్నాయని అడిగారు. నీళ్లు తక్కువై కాదండీ, అవి లోపలికి దిగక వాడుతున్నాయి. నాలుగిళ్ల వాళ్లూ రోజూ తలా ఒక చెంబు పోస్తున్నామన్నారు కదా. ఆ నీళ్లు పైన అంగుళం మట్టినే తడుపుతాయి. నెల్లూరు ఎండకి అదీ మధ్యాహ్నానికే ఆరిపోతుంది.

1. మట్టిలో వేలు గుచ్చండి. రెండో కణుపు దగ్గర పొడిగా తగిలితే ఇదే సమస్య.

2. అందరూ వదిలేసేది మట్టి గుల్ల చేయడం. జనం తొక్కి, బండ్లు ఆపి పాదు రాయిలా గట్టిపడి ఉంటుంది. చిన్న గునపంతో పైపైన రెండంగుళాలు కదపండి. పార మాత్రం వద్దు, కానుగ వేళ్లు తెగుతాయి. వేరు తగిలితే పక్కకి జరగండి. మొదలు చుట్టూ జానెడు వదిలేయండి. అక్కడ మట్టి ఎగదోస్తే బెరడు కుళ్లుతుంది, చెట్టుకే ముప్పు.

3. రాలిన కానుగ ఆకులు ఊడ్చి పారేయకుండా పాదులోనే పరచండి.

4. చెంబులు మానేసి వంతులు వేసుకోండి. రోజు విడిచి రోజు, ఒక ఇంటివాళ్లు రెండు బిందెలు నిదానంగా పోస్తే చాలు. మా వీధిలో వంతు ఎవరిదో గోడ మీద సుద్దతో రాస్తాం.

బంతికి ఎండ కావాలి, పాదు అంచుకి మార్చండి. కొత్త మొక్కలకి అక్టోబరు వానలదాకా ఆగండి.