తిప్పిన టీలో పొడి అంచులకు కాకుండా మధ్యకే ఎందుకు చేరుతుంది?

విజయవాడలో వడకట్టని టీని గ్లాసులో తిప్పినా, మరెక్కడ తిప్పినా, పొడి మధ్యకు చేరడానికి కారణం గ్లాసు అడుగును ఆనుకొని రాపిడివల్ల నెమ్మదించే పలుచని ద్రవపు పొర, అంటే సరిహద్దు పొర. పైన వేగంగా తిరిగే ద్రవం అంచుల వద్ద పీడనాన్ని పెంచుతుంది; ఆ పీడనం అడుగు వరకూ అంతే ఉన్నా, అక్కడి పొరకు దానిని తట్టుకొని వృత్తంలో నిలిచేంత వేగం లేనందున అది మధ్యకు నెట్టబడి, పొడిని వెంట లాక్కొచ్చి, అక్కడ పైకి లేచి, గోడల వెంట తిరిగి దిగుతుంది. బరువైన పొడి పైకి లేవలేక అక్కడే కుప్పపడుతుంది.

కృష్ణ వంటి నది వంపు తిరిగేచోట లోపలి ఒడ్డున ఇసుక మేట వేయడం ఇందుకు ఉదాహరణ. 1926లో ఐన్‌స్టీన్ ఈ రెండింటినీ కలిపే వివరించారు.

అపకేంద్ర బలం బరువైనవాటిని ఎప్పుడూ బయటికే నెడుతుందన్నది అపోహ. గ్లాసు, ద్రవం కలిసి ఒకే వేగంతో తిరిగితే మాత్రం పొడి బయటికే వెళ్తుంది.