ఎవరికెన్ని నీళ్లు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా వయసు 46. నీళ్లు ఎంత ఎక్కువ తాగితే ఒంట్లోని విషాలు అంత బాగా పోతాయని వాట్సాప్‌లో చూసి రోజూ పరగడుపునే లీటరున్నర తాగుతున్నాను. మొత్తం మీద అయిదు లీటర్లు దాటుతోంది. తల దిమ్ముగా, కడుపులో తిప్పినట్టు ఉంటోంది. ఇంకా తాగాలా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: వద్దు, ముందు తగ్గించండి. మూత్రపిండాలు ఎంత బాగున్నా గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు నీటినే బయటికి పంపగలవు. అంతకు మించి ఒక్క గుక్కలో పోస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది. అది లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. బాగా పడిపోతే వాంతులు, తికమక, చివరికి ఫిట్స్ దాకా వెళ్తుంది. మీ ఇబ్బందికి నీళ్లే కారణమని చూడకుండా చెప్పలేం కాబట్టి రక్తంలో సోడియం లాంటి లవణాలను కొలిచే సీరమ్ ఎలక్ట్రోలైట్స్ పరీక్ష చేయించుకోండి. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడుతున్నా, ఉప్పు బాగా తగ్గించేసినా ఆ పరీక్ష వాయిదా వేయకండి.

ఇక విషాల సంగతి. మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడకట్టి, అందులో ఒకటి రెండు లీటర్లే మూత్రంగా వదులుతాయి. మీరు అదనంగా రెండు లీటర్లు తాగితే మూత్రం పలచన అవుతుందే తప్ప వడపోత మెరుగుపడదు.

రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగాలన్న లెక్కకు మూలమని చాలామంది చెప్పేది 1945లో అమెరికా పోషకాహార మండలి ఇచ్చిన సలహా. రోజుకు రెండున్నర లీటర్లు కావాలని రాసి, అందులో చాలా భాగం తినే ఆహారంలోనే ఉంటుందని వెంటనే కలిపారు. జనం మొదటి ముక్కే పట్టుకున్నారు. మన భోజనానికైతే ఆ రెండో ముక్క మరీ వర్తిస్తుంది: అన్నంలోనే మూడింట రెండు వంతులు నీరు, పైన పప్పుచారు, మజ్జిగ. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో ఆడవాళ్లకు 2 లీటర్లు, మగవాళ్లకు 2.5 లీటర్లు చాలన్నది కూడా తిండిలోని నీటిని కలుపుకునే. ఇంటిపట్టున ఉండే మీకు 200 మిల్లీలీటర్ల గ్లాసుతో ఏడెనిమిది సరిపోతాయి, ఎండాకాలంలో ఇంకో రెండు మూడు. కాఫీ, టీలు కూడా లెక్కలోకి వస్తాయి. మూత్రం లేత పసుపుగా ఉంటే చాలు. రోజంతా పంపు నీళ్లలా తెల్లగా వస్తోందంటే ఎక్కువ తాగుతున్నట్టే. బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మాత్రం రంగును నమ్మకండి.

ప్రశ్న: మా ఆయనది సెంట్రింగ్ పని. మే నెలలో ఆరు లీటర్లు తాగినా సాయంత్రానికి పిక్కలు పట్టేస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఎండలో బరువు పని చేస్తే గంటకు లీటరు చెమట పోవచ్చు, దాంతో ఉప్పూ పోతుంది. ఆయన నీళ్లు నింపుకుంటున్నారు గానీ ఉప్పు నింపుకోవడం లేదు. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగమనండి. గంటలో లీటరున్నర మాత్రం దాటకూడదు. పొద్దున ఉప్పేసిన అంబలి, మధ్యాహ్నం ఉప్పు మజ్జిగ, చెమట మరీ ఎక్కువైన రోజు ఒక లీటరు ఓఆర్ఎస్. బీపీ గానీ గుండెజబ్బు గానీ ఉంటే ఉప్పు సంగతి డాక్టర్‌ను అడిగాకే.

ఓఆర్ఎస్ దగ్గర తరచూ జరిగే పొరపాటు, లీటరు ప్యాకెట్‌ను గ్లాసులో కలిపేయడం. అంత చిక్కటి ద్రవం ఒంట్లోని నీటినే పేగులోకి లాగి విరేచనాలు పెంచుతుంది. కవర్ మీద లీటరు అని ఉంటే పొడి మొత్తం లీటరు నీళ్లలోనే, ఒకేసారి కలపాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీస్పూన్‌తో తలగొట్టి. పళ్ల రుచుల తియ్యటి డబ్బాలు దీనికి బదులు కావు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడొద్దంది.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. నోట్లో నీళ్లు పోయకండి. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మామయ్య గారికి వారానికి మూడు డయాలసిస్‌లు. దాహమని గోల చేస్తారు. ఎంత ఇవ్వాలి?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: సాధారణంగా నిన్నటి మూత్రం ఎంతో అంత, దాని మీద అర లీటరు. ఆయనకు సరైన అంకె మీ నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టర్) చెప్తారు. టీ, మజ్జిగ, చారు, జావ అన్నీ అందులోవే. పొద్దున్నే ఆ కొలతకు సీసా నింపి పెట్టండి. మందులకు, దాహానికి అందులోంచే ఇవ్వండి. కప్పు టీ ఇస్తే అన్ని నీళ్లు సీసాలోంచి తీసేయండి. సాయంత్రానికి ఎన్ని మిగిలాయో ఆయనకే కనబడుతుంది, గొడవ సగం తగ్గుతుంది. దాహాన్ని పెంచేది ఉప్పు కాబట్టి ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు ముందు ఆపండి. చిన్న గ్లాసు వాడండి, నోరు పుక్కిలించి ఉమ్మమనండి. కొబ్బరి నీళ్లు ఇవ్వకండి. వాటిలోని పొటాషియం గుండె లయను దెబ్బతీస్తుంది.

ప్రశ్న: బాబుకు మూడో నెల. ఎండలకు గొంతెండుతుందని అమ్మ ఉగ్గుగిన్నెతో నీళ్లు పడుతోంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆరు నెలలు నిండేదాకా చుక్క కూడా అక్కర్లేదు. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీరే. నీళ్లతో పొట్ట నిండితే పాలు తగ్గుతాయి, విరేచనాలు పట్టుకుంటాయి. ఎండ ఎక్కువైతే ఇంకోసారి పాలివ్వండి. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా పాస్ పోస్తుంటే బాబుకు నీరు అందుతున్నట్టే.

ప్రశ్న: మాది ఫ్లోరైడ్ ఊరు. నీళ్లు ఎక్కువ తాగాలా, తక్కువా?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: నీళ్లు తగ్గించడం కాదు, నీళ్లు మార్చాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లు ఎన్ని గ్లాసులు తాగితే ఎముకలకు అంత చేటు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. అందుకే తాగడానికి మిషన్ భగీరథ నీళ్లు వాడుతూ అన్నం, పప్పు, చాయ్ మాత్రం బోరు నీళ్లతో వండితే లాభం లేదు. బట్టలకు, అంట్లకు బోరు నీళ్లు వాడుకోవచ్చు.