68 ఏళ్ళ అత్తగారు బరువులెత్తవచ్చా? మతిమరుపుకి పనికొస్తుందా?

మీ అత్తగారికి 68 ఏళ్ళు, రోజూ వాకింగ్ చేస్తారు, అయినా కింద కూర్చుంటే చెయ్యి ఆసరా లేనిదే లేవలేకపోతున్నారు, ఈమధ్య మతిమరుపు కూడా మొదలైంది అన్నారు. డాక్టర్ బరువులతో వ్యాయామం చేయమంటే ఇంట్లో అందరూ భయపడుతున్నారనీ, ఆవిడేమో "ఈ వయసులో జిమ్మా, నలుగురూ ఏమనుకుంటారు" అంటున్నారనీ రాశారు. నా జవాబు సూటిగా చెప్తాను. చేయించండి. వాకింగ్ మాన్పించకండి, దానికి ఇది కలపండి.

నాకు 67. హనుమకొండలో ఉంటాను. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. కొన్నేళ్ళుగా వారానికి రెండు రోజులు బరువులు ఎత్తుతున్నాను. మా పెద్దక్కకు 74. తనకు మతిమరుపు మొదలైనప్పటి నుంచి నా దగ్గరే ఉంటోంది, తనతోనూ చేయిస్తున్నాను. మా ఇద్దరి అనుభవాలూ ఒకలా లేవు, అందుకే రెండూ చెప్తాను.

ముందు వాకింగ్ సంగతి. నడక గుండెకి, షుగరుకి, మనసుకి మంచిదే. కానీ మన ఒంటి బరువుని కాళ్ళు ఎలాగూ రోజూ మోస్తూనే ఉంటాయి కాబట్టి, అలవాటైన నడకతో తొడ కండరం పెద్దగా బలపడదు. వయసుతో కండ తగ్గిపోతూ ఉంటుంది. నేల మీద నుంచి లేవడానికి, బస్సు మెట్టు ఎక్కడానికి, కాలు జారినప్పుడు తమాయించుకోవడానికి కావలసింది ఆ కండే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా నడకలాంటి వ్యాయామంతో పాటు వారానికి కనీసం 2 రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలని ఉంది. 65 దాటినవాళ్ళు శరీరం తూలకుండా నిలబెట్టే కసరత్తులు కూడా కలిపి 3 రోజులు చేయాలని చెప్పింది.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టండి. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకి ఆనించి వేసి, ఆవిడని చేతులు ఛాతీ మీద కట్టుకుని 5 సార్లు లేచి కూర్చోమనండి. ఫోన్లో టైము చూడండి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే బలం తక్కువున్నట్టు లెక్క. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో పెట్టిన కొలత ఇది. మీరు మాత్రం పక్కనే నిలబడాలి.

"ఈ వయసులో కండ పెరుగుతుందా" అన్న అనుమానం నాకూ ఉండేది. అది తీరింది ఒక పాత పరిశోధన గురించి తెలిశాక. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో, వృద్ధాశ్రమంలో ఉంటున్న సుమారు 90 ఏళ్ళవాళ్ళతో 8 వారాలు కాళ్ళకి బరువుల వ్యాయామం చేయించారు. పూర్తి చేసినవాళ్ళ తొడ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ళవాళ్ళకే అలా ఉంటే, రోజూ నడిచే మీ అత్తగారి గురించి నాకైతే ఏ బెంగా లేదు.

ఇక మతిమరుపు. ఇక్కడ ఆశ ఎంత పెట్టుకోవాలో తెలిసి ఉండటం ముఖ్యం. వ్యాయామం మొదలుపెట్టే ముందే ఆవిడని ఒకసారి డాక్టరుకి చూపించి విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. బీపీ, షుగర్, చెవులు ఎలా వినిపిస్తున్నాయి, నిద్ర ఎలా ఉంది, దిగులుగా ఉంటున్నారా, ఏ మాత్రలు వాడుతున్నారు, అన్నీ చెప్పండి. మా అక్కకి బి12 బాగా తక్కువుందని అప్పుడే బయటపడింది. దశాబ్దాలుగా శాకాహారం, షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్ మాత్రలు, రెండూ కలిసి అలా చేశాయని డాక్టర్ చెప్పారు. ఇలాంటివి సరిచేయకుండా ఎన్ని డంబెల్స్ ఎత్తినా లాభం ఉండదు.

ఆ తర్వాత బరువులు. వీటికీ మెదడుకీ సంబంధం ఉందని చూపించే మంచి పరిశోధనలున్నాయి. కెనడాలోని వాంకోవర్‌లో 65 నుంచి 75 ఏళ్ళ మధ్య ఉన్న 155 మంది స్త్రీలతో ఏడాదిపాటు చేసిన పరిశోధన 2010లో వచ్చింది. వారానికి ఒకసారి బరువులెత్తినవాళ్ళకీ, రెండుసార్లు ఎత్తినవాళ్ళకీ కూడా, తేలికపాటి బ్యాలెన్స్ వ్యాయామాలు చేసినవాళ్ళకన్నా ఏకాగ్రత మెరుగైంది. గజిబిజిలో సరైనదాన్ని ఎంచుకునే పరీక్షలో బాగా చేశారు. సిడ్నీలో మతిమరుపు తొలి దశలో ఉన్న 100 మందిని తీసుకున్నారు. వాళ్ళలో కొందరితో ఆరు నెలలు, వారానికి రెండుసార్లు, ఎత్తగలిగిన దాంట్లో 80 శాతం బరువుతో చేయించారు. ఆలోచన, జ్ఞాపకం కలిపి కొలిచే పరీక్షలో మెరుగుదల కనిపించింది. బలం ఎంత పెరిగితే ఈ మేలూ అంత ఎక్కువగా కనిపించిందట. కంప్యూటర్‌లో మెదడుకి పదునుపెట్టే ఆటలు ఆడినవాళ్ళకి ఇంత ఫలితం రాలేదు. కండరం కష్టపడినప్పుడు రక్తంలోకి వచ్చే కొన్ని పదార్థాలు మెదడు కణాలకి మేలు చేస్తాయనీ, షుగర్, బీపీ అదుపులోకి రావడం కూడా సాయపడుతుందనీ అనుకుంటున్నారు.

నా వరకు చెప్పాలంటే, మనసు నిలకడగా ఉంటోంది. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు నేనే చూస్తాను, మధ్యలో ఎవరైనా పలకరించినా ఎక్కడ ఆపానో గుర్తుంటోంది. నిద్ర బాగా పడుతోంది. ఇది బరువుల వల్లే అని నేను ప్రమాణం చేయలేను. మా అక్క విషయం వేరు. తన జ్ఞాపకశక్తి వెనక్కి రాలేదు. పొద్దున టిఫిన్ ఏం తిన్నావంటే ఇప్పటికీ తడుముకుంటుంది. కానీ బాత్‌రూమ్‌కి ఒక్కతే వెళ్ళొస్తుంది, స్నానం తనే చేస్తుంది, గుడిమెట్లు రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతుంది. ఇంతకుముందు తరచూ తూలేది, అది బాగా తగ్గింది. మతిమరుపు ఉన్న మనిషిని చూసుకునేవాళ్ళకి తెలుస్తుంది ఇది ఎంత పెద్ద సంగతో. పడి తుంటి విరిగి, ఆపరేషనై, మంచాన పడితే మతిమరుపు ఎంత వేగంగా ముదురుతుందో మా బంధువుల్లోనే చూశాను. అందుకే నేను దీన్ని మందుగా కాదు, మనిషి స్వతంత్రంగా ఉండటానికి కావలసిన బలంగా చూస్తాను.

ఎలా మొదలుపెట్టాలి అంటే, వీలైతే ముందు ఫిజియోథెరపిస్ట్ దగ్గర రెండు మూడు సిట్టింగులు చేయించండి. మోకాళ్ళు అరిగినా, ఎముకలు గుల్లబారినా, గుండెకి స్టెంట్ వేసినా, హెర్నియా ఉన్నా, ఈమధ్యే కంటి శుక్లం ఆపరేషన్ అయినా, ఆ డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. ఎముకలు గుల్లబారినవాళ్ళు నడుము వంచి బరువు లేపకూడదు.

ఇంట్లో చేయడానికి మేం ఎంచుకున్నవి ఇవి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కటే చేసే ఓపిక ఉంటే అదే చేయించండి. మొదట ఎత్తు కుర్చీ, అవసరమైతే కింద ఒక దిండు. తేలికయ్యాక దిండు తీసేయడం, ఆ తర్వాత చేతిలో లీటరు నీళ్ళ సీసా, ఆ తర్వాత రెండు కిలోల బియ్యం సంచి గుండెకి హత్తుకుని లేవడం. గోడకి చేతులు ఆనించి తోయడం. రబ్బరు బ్యాండ్‌ని కిటికీ ఊచకి కట్టి వెనక్కి లాగడం. వంటగది గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, కాస్త ఆగి ఇంకో సెట్. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం.

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. అదే అర కిలో డంబెల్‌ని ఏళ్ళ తరబడి ఊపుతూ "మేమూ చేస్తున్నాం" అంటారు. చివరి రెండు మూడు సార్లు కష్టమనిపించాలి. 12 సార్లు అవలీలగా చేస్తున్నారంటే బరువు కొంచెం పెంచాలి. నేను ఒక నోట్‌బుక్‌లో తేదీ, బరువు, ఎన్నిసార్లు అని రాసుకుంటాను. మా అక్కకి ఏం చేసిందో గుర్తుండదు కాబట్టి, తనకి ఈ పుస్తకమే ఆధారం. మతిమరుపు ఉన్నవాళ్ళకి రోజూ కొత్త వ్యాయామం చూపించకండి. అవే, అదే వరసలో, అదే టైముకి, మీరు ఎదురుగా నిలబడి చేస్తూ చేయించండి. "ఇందాకే చెప్పాను కదా" అనొద్దు. ఆ ఒక్క మాటకి అక్క చిన్నబుచ్చుకుని ఆ రోజుకి మానేసేది.

బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. పైకి లేస్తూ గాలి వదలాలి. అక్క చేత గట్టిగా అంకెలు లెక్కపెట్టిస్తాను, లెక్కపెడుతుంటే ఊపిరి బిగబట్టడం కుదరదు. మర్నాడు కండరాలు సలుపుతాయి, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, దానికి భయపడకండి. కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే ఆ వ్యాయామం ఆపేయాలి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆపి డాక్టరుకి చూపించాలి. షుగరుకి ఇన్సులిన్ గాని, షుగర్ పడిపోయేలా చేసే మాత్రలు గాని వాడుతుంటే ఖాళీ కడుపుతో చేయించొద్దు. ఏకాదశి ఉపవాసం నాడు మానేస్తే నష్టమేమీ లేదు.

తిండి గురించి ఒక్క మాట. మన పెద్దవాళ్ళు రాత్రి రెండు ఇడ్లీలు, మజ్జిగతో సరిపెట్టుకుంటారు. కండ కట్టాలంటే ప్రొటీన్ కావాలి. పెద్దవయసువాళ్ళకి కిలో శరీర బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల దాకా అవసరమని నిపుణులు చెప్తారు. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో 6 గ్రాములే ఉంటుంది. కాబట్టి ముద్దపప్పు, పెసరట్టు, శనగలు, గడ్డపెరుగు, పాలు, తినేవాళ్ళయితే గుడ్డు, చేప, మూడు పూటలా కొంత పడాలి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్ చెప్పినంతే.

నలుగురూ ఏమనుకుంటారన్న మొహమాటం గురించి. నేను మా కాలనీ జిమ్‌కి మధ్యాహ్నం మూడింటికి వెళ్తాను. ఆ టైములో కుర్రాళ్ళు ఉండరు, మెషీన్లు ఖాళీ, ట్రైనర్‌కి మన దగ్గర నిలబడే తీరిక ఉంటుంది. పంజాబీ డ్రెస్, జారకుండా నేల మీద పట్టు ఉండే బూట్లు వేసుకుంటాను. చీర కుచ్చిళ్ళు, హవాయి చెప్పులు కాళ్ళకి అడ్డం పడతాయి కాబట్టి ఇంట్లో చేసినా అవి వద్దు. మీ అత్తగారిని మొదట్లో ఒంటరిగా పంపకండి, మీరూ వెళ్ళి ఆవిడ పక్కనే చేయండి. కాళ్ళతో బరువు తోసే లెగ్ ప్రెస్ మెషీన్ మీద కూర్చోబెట్టి అతి తక్కువ బరువుతో మొదలుపెట్టమని ట్రైనర్‌కి చెప్పండి. ఆయన వయసు చూసి ట్రెడ్‌మిల్ మీదకి పంపేస్తుంటే, నడక బయట ఎలాగూ జరుగుతోందని, ఇక్కడికి వచ్చింది బలం కోసమని గట్టిగా చెప్పండి.