థర్మోస్టాట్ తెర ఆరిపోతోంది, మూడొందల డాలర్లు అడుగుతున్నారు

సందేహం: అన్నగారూ, మిషిగన్‌లో ఈమధ్యే పాత ఇల్లు కొనుక్కున్నాం. గోడమీద ఇంట్లో వేడినీ చల్లదనాన్నీ అదుపుచేసే థర్మోస్టాట్ తెర ఉండుండి ఆరిపోతోంది. వైఫైది పెడదామని మూత తీసి చూస్తే నాలుగే వైర్లున్నాయి, సీ వైర్ లేదు. మనిషిని పిలిస్తే మూడొందల డాలర్లు అన్నాడు. మేమే పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చు తమ్ముడూ. మూడొందలు మాత్రం ఇవ్వకు. అందులో వైర్ల పని పావుగంట, మిగతాదంతా నీ భయానికి వేసిన బిల్లు. అలాంటి బిల్లులు నేను రెండు కట్టాను కాబట్టి చెబుతున్నా.

మొదటిది 2009 జనవరిలో. ఆదివారం పొద్దున లేచేసరికి ఇంట్లోనే నోట్లోంచి ఆవిరి వస్తోంది. థర్మోస్టాట్ తెర మీద ఏమీ లేదు. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పోయిందనుకుని, కొత్తది ఎన్ని వేలవుతుందో అని గుండె జారిపోయి, ఫోన్ చేశాను. వచ్చినాయన బేస్‌మెంట్‌లోకి కూడా దిగలేదు. థర్మోస్టాట్ మూత లాగి, జేబులోంచి రెండు డబుల్ ఏ బ్యాటరీలు తీసి వేశాడు. క్లిక్‌మంది, కింద ఫర్నేస్ గుర్రుమంది. ఆదివారం రేటు కనక 189 డాలర్లు. అప్పుడు డాలరు 48 రూపాయల దగ్గరుంది. రెండు బ్యాటరీలకి తొమ్మిది వేలు! ఊళ్లో మా నాన్నగారి పెన్షన్ అంతకంటే కొంచెమే ఎక్కువ. ఆ సంగతి ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

కాబట్టి ముందు బ్యాటరీలు మార్చి చూడు. నీ కథ అక్కడే అయిపోవచ్చు.

లేదు, వైఫైదే కావాలంటావా, సరే. సీ వైర్ అంటే అందరూ ఏదో బ్రహ్మపదార్థంలా చెబుతారు. వైర్లు బిగించే చోట ఆర్, సీ, డబ్ల్యూ, వై, జీ అని అక్షరాలుంటాయి. మన ఎలక్ట్రీషియన్ భాషలో ఆర్ ఫేజు, సీ న్యూట్రల్, అంతే. కరెంటు 24 వోల్టులు. పాత థర్మోస్టాట్ ఉత్త స్విచ్చి: ఆర్‌ని డబ్ల్యూతో కలిపితే ఫర్నేస్, వైతో కలిపితే ఏసీ, జీతో కలిపితే ఫ్యాన్. దాని తెరని బ్యాటరీలు పోషిస్తాయి. వైఫైది ఇరవైనాలుగు గంటలూ మేలుకుని ఉండాలి కాబట్టి దానికి న్యూట్రలూ కావాలి. అది దొరక్కపోతే కొన్ని మోడళ్లు డబ్ల్యూ, వై వైర్ల గుండా దొంగచాటుగా కొంచెం కొంచెం లాక్కుని బతుకుతాయి. కొన్ని ఇళ్లలో నడిచిపోతుంది. కొన్నిట్లో ఏసీ గానీ హీటు గానీ పెద్దగా ఆడని రోజుల్లో లోపలి బ్యాటరీ నీరసించి వైఫై పోతుంది.

నాలుగే వైర్లున్నాయని అప్పుడే తేల్చేయకు. నేనూ 2012లో, థాంక్స్‌గివింగ్ సేల్‌లో యాభై డాలర్లు తగ్గించారని ఒకటి కొనుక్కొచ్చి, ఇలాగే తల పట్టుకున్నాను. తర్వాత గోడ కన్నంలో వేలు పెట్టి కేబుల్‌ని కొంచెం ముందుకి లాగితే, తొడుగు చుట్టూ చుట్టేసిన నీలం వైరు ఒకటి కనబడింది. లంకెబిందెలు దొరికినంత సంబరం! గబగబా సీలో బిగించాను. తెర వెలగలేదు. రెండు గంటలు తిట్టుకుంటూ కూర్చున్నాక గానీ బుర్రకి తట్టలేదు, ఆ వైరు రెండో కొస కింద ఫర్నేస్‌లో దేనికీ తగిలించి లేదని. ప్యానెల్ తీస్తే అక్కడా నీలం కొస చుట్ట చుట్టుకుని పడుకుంది. బోర్డు మీద సీ అని రాసిన స్క్రూకి ఏసీ వైరు అప్పటికే ఉంటుంది, దాని పక్కనే దీన్నీ బిగించాలి. రంగుని నమ్మకు, అక్షరాన్ని నమ్ము. వైర్లు విప్పే ముందు ఫోటో తీసుకో.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఫర్నేస్ ప్యానెల్ మూసి పైకొచ్చి, 24 వోల్టులే కదా, షాకేం కొడుతుందని ఫర్నేస్‌కి కరెంటు ఆపే బ్రేకర్ స్విచ్చి ఆపకుండా వైర్లు సర్దాను. ఎర్ర కొస నీలం కొసకి తగిలింది. చిన్న మెరుపు, అంతే. షాక్ కొట్టలేదు, కానీ ఇల్లంతా నిశ్శబ్దం. మళ్లీ మనిషి, మళ్లీ 140 డాలర్లు. ఫర్నేస్ బోర్డు మీద కార్లలో ఉండేలాంటి ఊదారంగు 3 ఆంప్స్ ఫ్యూజు పోయిందట. కార్ల సామాన్ల షాపులో ఐదు డాలర్లు పెడితే ఒకటి కాదు, ప్యాకెట్ వస్తుంది. నాకు యాభై డాలర్లు తగ్గింపు వచ్చిందని చెప్పాను కదా, లెక్క నువ్వే వేసుకో. ముందు బ్రేకర్ ఆపు.

అదనపు వైరు నిజంగానే లేకపోతే ప్లగ్‌లో పెట్టే 24 వోల్టుల అడాప్టర్లు ఇరవై, పాతిక డాలర్లకి దొరుకుతాయి. ఈకోబీ కంపెనీవి లాంటి కొన్ని వైఫై థర్మోస్టాట్లలో నాలుగు వైర్లతోనే సరిపెట్టే కిట్ డబ్బాలోనే వస్తుంది. గోడలో లావుపాటి వైర్లు కనబడితే మాత్రం చెయ్యి పెట్టకు, అది 120 లేదా 240 వోల్టుల వ్యవహారం. ఒకే మెషీన్ చల్లగానూ వేడిగానూ చేసే హీట్ పంప్ ఇళ్లలో వైరింగ్ వేరు. పాత గుండ్రటి థర్మోస్టాట్‌లో పాదరసం ఉంటుంది, చెత్తబుట్టలో వేయకూడదు. ఇలాంటి రూల్స్ మీ కౌంటీ సైట్‌లో చూసుకో. కొనేముందు మీ గ్యాస్ కంపెనీ రిబేటు ఇస్తుందేమో కూడా చూడు. నేను కొన్నాక చూశాను.

నన్నడిగితే వైఫై లేని, వారానికి ప్రోగ్రాం చేసుకునే బ్యాటరీ థర్మోస్టాట్ చాలు. డబ్బు ఆదా అయ్యేది ఫోన్ వల్ల కాదు, టైం ప్రకారం తగ్గించడం వల్ల. రోజుకి ఎనిమిది గంటలు 7 నుంచి 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గిస్తే ఏడాది హీటు, ఏసీ ఖర్చులో 10 శాతం దాకా మిగులుతుందని ఇక్కడి ఇంధన శాఖే చెబుతుంది. మా ఇంట్లో పగలు 68, రాత్రి 61. వాటి జోలికి ఎవరూ రాకుండా పిన్ పెట్టి లాక్ చేశాను. పోయినేడు చలికాలం ఖమ్మం నుంచి మా అమ్మ వచ్చింది. నాలుగు రోజులు శాలువా కప్పుకుని వేడిగాలి వచ్చే వెంట్ పక్కన కూర్చుంది, ఏమీ అనలేదు. ఐదో రోజు ఆఫీసు నుంచి వచ్చి చూస్తే 76 మీద ఉంది. పిన్ నేను పుట్టిన సంవత్సరమే, ఆవిడకి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది.