టీ-టెస్ట్ టైమ్ సంగతి తర్వాత.. ముందు ఆ మోకాలు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 17. ఫుట్‌బాల్ ఆడతాను. చురుగ్గా మలుపులు తిరిగే సామర్థ్యం పెరగాలని, ఒక స్పోర్ట్స్ సైన్స్ పరిశోధనలో చదివిన 8 వారాల జంపింగ్ ప్రోగ్రామ్ మొదలుపెట్టాను. ఆరో వారం నడుస్తోంది. కానీ నా టీ-టెస్ట్ (దిశలు మారుస్తూ పరుగెత్తే వేగం కొలిచే పరీక్ష) టైమ్ 11.2 సెకన్ల నుంచి 11.9కి పెరిగింది. జంప్‌లు ఇంకా పెంచాలా? బలం కోసం తీసుకునే క్రియాటిన్ సప్లిమెంట్ వాడొచ్చా? రెండు నెలల కిందట బంతి కోసం ఎగిరి దిగేటప్పుడు కుడి మోకాలు మెలిపడి ‘టప్’మంది. సాయంత్రానికి బాగా వాచింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. వాపు చాలావరకు తగ్గింది. మలుపు తిరిగేటప్పుడు మాత్రం ఒక్కోసారి మోకాలు పట్టు తప్పుతోంది. ప్రాక్టీస్‌కు ముందు ఐబుప్రొఫెన్ వేసుకుంటే ఇబ్బంది ఉండట్లేదు.
– ఓ పాఠకురాలు

జవాబు: ఇది చదివిన రోజు నుంచే జంప్‌లు, మలుపుల డ్రిల్స్, మ్యాచ్‌లు అన్నీ ఆపేయండి. కారణం చెబుతాను.

దిగేటప్పుడు మోకాలు మెలిపడటం, ‘టప్’మని వినిపించడం, కొన్ని గంటల్లోనే వాపు రావడం, ఆ తర్వాత మలుపుల్లో పట్టు తప్పడం... ఈ నాలుగూ కలిసి కనిపిస్తే మేం మొట్టమొదట అనుమానించేది ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ఒక లిగమెంట్) తెగిందేమోనని. మోకాలు చేత్తో పరీక్షించకుండా అదేనని ఖాయంగా చెప్పలేను. మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య దిండులా ఉండే మృదులాస్థి) చిరిగి ఉండొచ్చు, చిప్ప పక్కకు జరిగి మళ్లీ కుదురుకుని ఉండొచ్చు, రెండు మూడు దెబ్బలు కలిసి కూడా తగిలి ఉండొచ్చు. ఏదైనా సరే, రెండు నెలలు వదిలేయాల్సిన విషయం కాదిది. ఎక్స్‌రే బాగుందని ధైర్యం తెచ్చుకున్నారు. ఎక్స్‌రేలో కనిపించేది ఎముక. లిగమెంట్ పూర్తిగా తెగినా ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు.

మీ టైమ్ ఎందుకు పెరిగిందో కూడా చాలావరకు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కీలులో కొద్దిపాటి నీరు మిగిలి ఉన్నా, తొడ ముందు కండరాన్ని పూర్తి బలంతో పనిచేయనీయకుండా నరాల వ్యవస్థే అడ్డుకుంటుంది. మీ ప్రయత్నంలో లోపం ఉండదు, కండరానికి ఆదేశమే సరిగ్గా అందదు. దానికి తోడు, ఒకసారి పట్టు తప్పిన మోకాలిని మనిషి తెలియకుండానే కాచుకుంటాడు. మలుపు దగ్గర అడుగు నెమ్మదిస్తుంది. టీ-టెస్ట్‌లో ఉన్నవన్నీ ముందుకు పరుగు, పక్క అడుగులు, వెనక్కి పరుగు, మధ్యలో ఆగి దిశ మార్చడాలే. అక్కడ 0.7 సెకన్లు పోవడంలో ఆశ్చర్యం లేదు. ఇలాంటి మోకాలితో జంప్‌లు పెంచడమంటే, మీ ఒంటి బరువుకు ఎన్నో రెట్ల ఒత్తిడిని దానిపై మళ్లీ మళ్లీ వేయడమే.

ఇక ఆ బిళ్ల సంగతి. చూడమ్మా, ప్రాక్టీస్‌కు ముందు నొప్పి బిళ్ల వేసుకునే అలవాటు ఆటగాళ్లలో నేను తరచూ చూస్తున్నాను. చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. ‘ఇబ్బంది ఉండట్లేదు’ అని రాశారు. ఇబ్బంది అక్కడే ఉంది, మీకు తెలియకుండా పోతోందంతే. నొప్పి తెలిస్తే ఆగిపోయేవారు. మోకాలు పట్టు తప్పిన ప్రతిసారీ లోపలున్న మెనిస్కస్‌కూ, ఎముకల చివర మృదులాస్థికీ దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. ఏసీఎల్ తెగి, చికిత్స ఆలస్యమైన వాళ్లలో మెనిస్కస్ చిరుగులు ఎక్కువగా కనిపిస్తాయి. లిగమెంట్‌ను ఆపరేషన్‌తో కొత్తగా అమర్చగలం, అరిగిన మృదులాస్థిని మాత్రం మునుపటిలా చేయలేం.

ఈ బిళ్లతో కడుపులో పుండ్లు, రక్తస్రావం రావచ్చని వినే ఉంటారు. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రొఫెన్ కిడ్నీలకు రక్తప్రసరణను కూడా తగ్గిస్తుంది. మీరు పరిశోధనలు చదువుతారు కాబట్టి ఇంకోటి చెబుతాను. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న యువత 8 వారాలు బరువుల వ్యాయామం చేశారు. రోజుకు 1200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ వాడినవారిలో తొడ కండరం పెరుగుదల, తక్కువ మోతాదు ఆస్పిరిన్ వాడినవారితో పోలిస్తే సుమారు సగమే ఉంది. మీ మోతాదు అంత ఉండకపోవచ్చు. అయినా, కండరం పెంచడానికి కష్టపడుతూ ఆ కష్టాన్ని తగ్గించే మందు వేసుకోవడం ఎందుకు?

పరిశోధన చదివి పాటించడం తప్పని నేననను. చదవండి. కానీ ఆ ప్రోగ్రామ్‌ను ఎవరి మీద పరీక్షించారో కూడా చూడండి. చాలా ప్లయోమెట్రిక్ (జంపింగ్ వ్యాయామాల) అధ్యయనాల్లో ఇటీవల మోకాలికి దెబ్బ తగిలినవాళ్లను ముందే పక్కన పెడతారు. ఫలితాల పట్టికలో ఉన్న లాభం గాయం లేని కాళ్లది. ఇంకో చిన్న మాట: టీ-టెస్ట్‌లో ఎటు తిరగాలో మీకు ముందే తెలుసు. మ్యాచ్‌లో ఎదుటివారిని చూసి అప్పటికప్పుడు తిరగాలి. అందుకే చాలామంది పరిశోధకులు దిశ మార్చే వేగాన్ని, అసలైన చురుకుదనాన్ని వేర్వేరుగా లెక్కిస్తారు. ఒక్క అంకె చూసి టెన్షన్ పడొద్దు.

ఈ వారంలోనే స్పోర్ట్స్ మెడిసిన్ లేదా ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవండి. మైనర్ కాబట్టి అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లండి. చేత్తో చేసే లాక్‌మన్ పరీక్షతోనే చాలావరకు తెలుస్తుంది, అవసరమైతే ఎంఆర్ఐ రాస్తారు. మోకాలు పూర్తిగా చాచలేక ఇరుక్కుపోయినా, పిక్క వాచి నొప్పి పెట్టినా ఆ రోజే వెళ్లండి. ఏసీఎల్ అని తేలినంత మాత్రాన అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. మలుపుల ఆట ఆడే మీ వయసువారికి తరచూ సూచిస్తారు, నిర్ణయం మాత్రం పరీక్షించిన డాక్టర్‌ది, మీది. ఆపరేషన్ జరిగితే మ్యాచ్‌కు రావడానికి కనీసం 9 నెలలు పడుతుందనుకోండి. నెలలు నిండినంత మాత్రాన సరిపోదు. దెబ్బ తగిలిన కాలి బలం రెండో కాలి బలంలో 90 శాతానికి చేరిందా, ఒంటికాలి గెంతు పరీక్షలు నెగ్గారా అనేది కూడా చూస్తారు. తొందరపడి దిగినవారిలో మళ్లీ గాయపడేవారు ఎక్కువ.

ఒకే ఆట ఆడే అబ్బాయిలకంటే అమ్మాయిల్లో ఏసీఎల్ గాయాలు ఎక్కువ. అందుకే కోలుకున్నాక ఫిఫా 11+ వంటి వార్మప్ వదలొద్దు. అది సుమారు 20 నిమిషాల పని. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిల మీద చేసిన పెద్ద అధ్యయనంలో దాంతో మొత్తం గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి.

నెలసరి గురించి మీరు రాయలేదు. మూడు నెలలుగా రాకపోతే అదీ డాక్టర్‌కు చెప్పండి. తిండి తక్కువై, శ్రమ ఎక్కువైతే నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలు కూడా దెబ్బతింటాయి.

క్రియాటిన్ పెద్దల్లో బలానికి కొంత పనికొస్తుంది. 18 ఏళ్లలోపు వారిలో దీర్ఘకాలిక సమాచారం తక్కువ కాబట్టి నేను రాయను. ఎలాగూ లిగమెంట్‌కు అది చేసేదేమీ లేదు. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఎక్స్‌రేతో పాటు, ఐబుప్రొఫెన్ ఎన్ని మిల్లీగ్రాములది, వారానికి ఎన్ని బిళ్లలు, ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారో కాగితం మీద రాసి తీసుకెళ్లండి. పరీక్షకు వెళ్లే రోజు ఆ బిళ్ల వేసుకోకండి.